చిన్న దూరదర్శిని

ఈ సంవత్సరము మా పాఠశాల వార్షికోత్సవమునాడు సభామందిరపు గోడకు వ్రేలాడగట్టిన చిత్రములలో ఒకదానియొద్ద తలిదండ్రులు పలువురు కొంత తడవు నిలిచి చూచిరి. నల్లని యాకసమునందు గులాబిరంగు పొగవలె విరిసిన యొక వెలుగు అందు కానవచ్చుచుండెను. అది ఓరియన్ నీహారిక. దానిని తీసినవారము మేమని తెలిసినతోడనే అందరు నడిగిన ప్రశ్న యొక్కటియే: “ఎంత పెద్ద దూరదర్శిని కొంటిరి నాయనలారా?” మూరెడు పొడవైనను లేని గొట్టమును తెచ్చి చూపగా కొందరు నవ్విరి, కొందరు నమ్మరైరి. చేతనున్న కొలది సొమ్ముతో నక్షత్రముల నడుమనుండు నీహారికలను, గెలాక్సీలను చిత్రించు సాధనమును మేమెట్లు ఎన్నుకొంటిమో వారికి ఆనాడు చెప్పుటకు వ్యవధి లేకపోయెను. కావున నిచట వ్రాయుచున్నాము. మేము చేయబోయిన పొరపాటును గూడ దాచలేదు.

మా విజ్ఞానశాస్త్రపు గదిలోని బీరువాయందు చాలకాలముగా ఒక దూరదర్శిని కలదు. మా పాఠశాలయందు చదివిన యొక విద్యార్థి తండ్రిగారు ప్రేమతో కొని యిచ్చినది. దాని పెట్టెపై రంగురంగుల గెలాక్సీల బొమ్మలును, 525 రెట్లు పెద్దదిగా చూపునన్న మాటయు నుండెను. దాని ముందరి కటకము వెడల్పు 60 మిల్లీమీటర్లు మాత్రమే. వెడల్పునందలి యొక్కొక్క మిల్లీమీటరునకు రెండు రెట్లకు మించి పెంచినచో బొమ్మ మసకబారుటయే గాని క్రొత్త వివరము కానరాదని మేము పిదప నేర్చికొంటిమి. ఆ లెక్కను దానికి 120 రెట్లే పరిమితి. దాని కాళ్లో, వెదురుపుల్లలవలె సన్ననివి. చేయి సోకిన చంద్రుడు ఒక మూలనుండి వేరొక మూలకు దుముకును. గాలి వీచిన నక్షత్రము గంతులు వేయును. రెండు మూడు రాత్రులు ప్రయాసపడి, “ఇది చిన్నది గనుక పనికిరాదు, పెద్దది కొనవలయు”నని తీర్మానించి బీరువాకు తాళము వేసితిమి. ఆ తీర్మానమునందే మా పొరపాటు దాగియుండెను.

రెండేండ్లు సొమ్ము కూర్చితిమి. పూర్వవిద్యార్థులు కొంత యిచ్చిరి. క్రిస్మసు దినములలో వెదురుబద్దలతోను రంగుకాగితముతోను నక్షత్రదీపములు చేసి యింటింట నమ్మితిమి. విద్యార్థి వసతిగృహమునందుండు మా మిత్రుని తాతగారు, పుంగనూరు ప్రక్క పల్లెలో వేరుసెనగ పండించు రైతు, మనుమని చూడవచ్చినప్పుడు మా ప్రయత్నమును విని రొంటినుండి 500 రూపాయలు తీసి మా చేతబెట్టిరి. ఆ యేడు వానలు లేక వారి చేను ఎండినదని మా కెరుకయే. వలదనబోతిమి. “తీసుకొండి నాయనా. మీరు తెచ్చే ఆ యంత్రాన్ని ఒక్కసారి మా పల్లెకు తెచ్చి నాకు చూపించండి, చాలు” అనిరి. సరేయని మాట యిచ్చితిమి. అంతయు కలిసి 96,000 రూపాయలైనది. ఇతరుల కష్టార్జితము చేతికి వచ్చినపిదప, తప్పు ఎన్నిక చేయుదుమేమో యను భయము మమ్ము పట్టుకొనెను. రెండవ పర్యాయము బీరువాకు తాళము వేయు హక్కు మాకు లేదు.

మేమేడుగురము. నలుగురు 8 అంగుళముల దర్పణము గల డాబ్సోనియన్ దూరదర్శినియే కొనవలెననిరి. అదియు మా సొమ్ములో వచ్చును. ఆ రకమును లోకమున వ్యాపింపజేసిన జాన్ డాబ్సన్ గారు అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో వేదాంతసంఘమునందు 1944 మొదలు 1967 వరకు సన్యాసిగా నుండినవారు. సామాన్యజనులు వీథిలో నిలిచి ఆకసము చూడవలెనని, చవుకగా దొరకు కొయ్యతోను అట్టతోను దూరదర్శినులను చేయుట నేర్పిరి. 8 అంగుళములనగా సుమారు 200 మిల్లీమీటర్లు. 60 మిల్లీమీటర్ల కటకముకంటె అది 11 రెట్లు ఎక్కువ వెలుగును పట్టును. ఈ లెక్క చూపి, మాలో మిక్కిలి చురుకైన మిత్రుడొకడు, “పదునొకండు రెట్ల వెలుగును కాదని చిన్నదానిని కోరువాడు తెలివిగలవాడేనా?” యని సవాలు చేసెను. మాకు బదులు తోపలేదు.

మా అయ్యవారు ఏ పక్షమునకును తీర్పు చెప్పలేదు. నల్లబల్లపై మూడు ప్రశ్నలు వ్రాసి లెక్కలు కట్టుడనిరి.

మొదటి ప్రశ్న: ఆకసము ఎంత వేగముగ కదలును? భూమి తనచుట్టు తాను తిరుగుటచేత నక్షత్రములు ఒక సెకనునకు సుమారు 15 వికలల చొప్పున పడమటికి జరుగును. ఒక డిగ్రీలో 3,600వ వంతు వికల. 1,200 మిల్లీమీటర్ల నాభ్యంతరము గల 8 అంగుళముల దర్శినికి కెమెరాను తగిలించిన, కెమెరాలోని యొక్కొక్క చుక్కగడి ఆకసమున ముప్పాతిక వికలను మాత్రమే చూచును. అనగా సెకనులో ఇరువదియవ వంతులోనే నక్షత్రము ఒక గడి దాటి మరొక గడిలోనికి పోవును. నీహారికయో, నిమిషములకొలది వెలుగు కూడబెట్టినగాని చిత్రమునకు ఎక్కదు. కావున ఆకసముతోపాటు దర్శినియు కదలవలెను. డాబ్సోనియన్ పైకి క్రిందికి, ఎడమకు కుడికి మాత్రమే తిరుగును. యంత్రము బిగించి నడిపినను చిత్రము నడుమ నక్షత్రము నిలుచునేగాని అంచులలోనివి చుట్టు తిరుగును. భూమి యిరుసునకు సమాంతరమైన యిరుసుపై తిరుగు పీఠమున్ననే అన్నియు నిలుచును. అట్టిదానిని ధ్రువాక్షపీఠమందుము.

రెండవ ప్రశ్న: మేము చిత్రింపగోరునవి ఎంత పెద్దవి? నీహారికలన్నియు సూదిమొనలంతటివని మేమనుకొంటిమి. నిజమునకు ఆండ్రొమీడా గెలాక్సీ ఆకసమున 3 డిగ్రీల పొడవు వ్యాపించియున్నది. పున్నమచంద్రుని వెడల్పు అర డిగ్రీయే గదా! మన పల్లెలవారు పిల్లలకోడి యని పిలుచు కృత్తికల గుంపు సుమారు 2 డిగ్రీలు. 8 అంగుళముల దర్శిని కెమెరాకు చూపు ఆకసపు వెడల్పు ఒక్క డిగ్రీ మాత్రమే. 360 మిల్లీమీటర్ల నాభ్యంతరము గల చిన్నది మూడున్నర డిగ్రీలు చూపును. పెద్దదానిలో పిల్లలకోడి పట్టదు. చిన్నదానిలో పిల్లలతోగూడ నిముడును.

మూడవ ప్రశ్న మా మిత్రుని పదునొకండు రెట్లను గూర్చినది. నక్షత్రము బిందువు. దాని విషయమున పెద్ద దర్పణమునకు లాభము నిజమే. నీహారికయన్ననో పరచుకొన్న వెలుగు. పెద్ద దర్పణము ఎక్కువ వెలుగును పట్టి, ఆ వెలుగునే పెద్ద బొమ్మగా పరచును. నాభ్యంతరమును వెడల్పుచే భాగించి చూడుమనిరి అయ్యవారు. 1,200ను 200చే భాగింప 6. 360ని 60చే భాగించినను 6. రెండింటియందును కెమెరాలోని యొక్కొక్క గడిమీద పడు నీహారిక వెలుగు సమానమే! మా మిత్రుడు ఆ లెక్కను మూడుమార్లు కట్టి, సుద్దముక్కను క్రింద బెట్టి, ఏమియు ననక పోయి కూర్చుండెను.

అంతటితో మేము ఒప్పుకొంటిమి గాని, మనసులకు నమ్మిక చాలలేదు. ఒక సెలవుదినమున చిత్తూరునుండి వేలూరు, వాణియంబాడి, ఆలంగాయము మీదుగా జవ్వాది కొండలలోని కావలూరునకు పోయి అచటి వేధశాలను చూచితిమి. వేణు బప్పు గారు కొండలనడుమ చీకటి చెడని తావును వెదకి 1960ల దశకమున దానిని నెలకొల్పిరి. వారు హైదరాబాదున పెరిగినవారు. వారి తండ్రిగారు నిజామియా వేధశాలలో పనిచేసినవారు. కావలూరున మొదట నిలిపినది 38 సెంటీమీటర్ల దర్శినియే. అదియు మన దేశపు పనివారు చేసినదే. వారి పేరు వహించిన 2.34 మీటర్ల గొప్ప దర్శిని 1986లో నెలకొన్నది. మేము దర్పణమును చూడబోయి, దానిని మోయు గుఱ్ఱపునాడా ఆకారపు ఉక్కుపీఠమును చూచి నిలిచిపోతిమి. అంత బరువును భూమి గమనమునకు సరిగా ఎదురు త్రిప్పుచు, రాత్రియెల్ల ఒక్క నక్షత్రమునే పట్టి నిలుపవలెను గదా! ఆ వేధశాలయందే 1988లో రాజమోహన్ గారు చిన్నదియగు ష్మిట్ దర్శినితో ఒక గ్రహశకలమును కనుగొనగా దానికి రామానుజన్ పేరు పెట్టబడినదనియు తెలిసికొంటిమి.

మరలి వచ్చునపుడు బస్సులో అయ్యవారు హైదరాబాదు నిజామియా వేధశాల సంగతి చెప్పిరి. 1887లో పారిసున కూడిన జ్యోతిశ్శాస్త్రజ్ఞులు ఆకసమంతటిని చిత్రములుగా తీసి పటము కట్టుటకు పూని, పలుదేశముల వేధశాలలకు భాగములు పంచిరి. అట్టి వేధశాలలలో చాలవరకు 13 అంగుళముల దర్శినులు వాడినవి. 1901లో నవాబు జఫర్ జంగ్ గారు స్థాపించిన నిజామియా వేధశాలకు ఆ పనికి దొరకినది 8 అంగుళములది. దానితోనే వారు ఆకసపు దక్షిణభాగమున 17 మొదలు 23 డిగ్రీలవరకు గల పట్టీని ఏండ్లతరబడి గాజుపలకలపై చిత్రించి తమ వంతు నెరవేర్చిరి. ఓపికయు సాధనములలో నొకటియేనని మాకు ఆనాడు తెలిసెను.

అయినను సొమ్ము ఖర్చుపెట్టుటకు మునుపు ఒక పరీక్ష చేయగోరితిమి. స్కాట్లండు దేశస్థుడగు జార్జి హేగ్ గారు 1975లో ప్రకటించిన యొక సులువైన ఉపాయము కలదు. రెండు పలకలను బందుతో కలిపి, బందును ధ్రువమువైపునకు గురిచేసి, మరచీలతో పై పలకను మెల్లమెల్లగా ఎత్తినయెడల అది ఆకసముతోపాటు తిరుగును. ఒక చుట్టునకు ఒక మిల్లీమీటరు జరుగు మరచీలను బందునకు 228 మిల్లీమీటర్ల 5 దశాంశముల దూరమున బిగించి, నిమిషమునకొక చుట్టు త్రిప్పవలెను. ఏలయన నక్షత్రదినము 1,436 నిమిషములు. మాలో నొకని తండ్రిగారు వడ్రంగము చేయుదురు. ఆచారిగారు మా కొలతలను విని, వేపపలకలు చిత్రికపట్టి, వెండ్రుకవాసియైన కదలకుండ బందు బిగించి యిచ్చిరి. మేము దూరదర్శినులను గూర్చి తర్కించుచుండగా విని, “బండికి ఇరుసు వంకరైతే చక్రాలు ఎంత మంచివైనా ఏం లాభం అబ్బయ్యా?” యనిరి. మూడు దినములు మేము కట్టిన లెక్కలు ఆ యొక్క మాటలో నిమిడియుండెను.

ఆ పలకలపై కెమెరా నుంచి మా పాఠశాల మేడమీద నిలిపితిమి. ధ్రువనక్షత్రము ఏ యూరినుండి చూచిన ఆ యూరి అక్షాంశమంత యెత్తుననే కానవచ్చును. తిరుపతికి అది పదుమూడున్నర డిగ్రీలు. ఉత్తరమున శేషాచలపు గోడ నిలిచియున్నది. మా మేడనుండి చూడ ధ్రువుడు కొండకొప్పునకు తగిలి తగులనట్లుండి, కొండమీది దీపముల కాంతిలోను ఘాటురోడ్డు దీపములలోను కలిసిపోయెను. చిత్రమునందు ఆకసము రాగిచెంబు రంగున వచ్చెను. ఎంత గొప్ప దర్శినియైనను దీపకాంతిని వడియగట్టి చీకటిని చేయజాలదు. శేషాచలపు అడవిలోనికి పోవుదమన్న, అనుమతి లేక రాత్రివేళ పోరాదు. ఏనుగుల భయమును గలదు. అప్పుడు తాతగారి పల్లె మాకు జ్ఞప్తికి వచ్చెను. పుంగనూరు ప్రాంతము తిరుపతికంటె ఎంతయో యెత్తైన పీఠభూమి. వారి చేనికి ఉత్తరమున అడ్డులేదు. అచటికి పోవలెనన్న ఆర్టీసీ బస్సే మాకు గతి. 8 అంగుళముల డాబ్సోనియన్ గొట్టము నాలుగడుగుల పొడవు. పీఠముతో గూడ 20 కిలోలకు మించును. బస్సులో దానికెక్కడ చోటు? మా తర్కమునకు అదియే కడపటి తీర్పు.

పిదప కొనుగోలు సులభమాయెను. 96,000లో 48,000 ధ్రువాక్షపీఠమునకును ముక్కాలికిని వెచ్చించితిమి. 32,000తో 60 మిల్లీమీటర్ల వెడల్పును, 360 మిల్లీమీటర్ల నాభ్యంతరమును గల కటకపు దర్శినిని కొంటిమి. అది రంగుల అంచులు తక్కువగా వచ్చునట్లు చేసిన మంచిరకము. తక్కిన 16,000తో ఒకరు వాడి యమ్మిన కెమెరాను తీసికొంటిమి. పీఠము మోయగలదని చెప్పిన బరువులో సగమునకు మించి మోపరాదను నియమము పాటించితిమి. ఇంకొక జాగ్రత్తయు మన సీమవారు మరువరాదు. ఈ పీఠములు పెక్కు ఉత్తరదేశములవారి అక్షాంశములకు అనువుగా చేయబడును. ఇరుసును 13 డిగ్రీలవరకు వంచినప్పుడు కొన్నింటి ప్రతిభారపు కడ్డీ ముక్కాలికి తగిలి తిరుగక నిలిచిపోవును. మేము కొనుటకు మునుపే అట్లు వంచి త్రిప్పి చూచితిమి. ఒక పీఠమును ఆ కారణముననే విడిచితిమి.

మన ప్రాంతమున జూను మొదలు డిసెంబరువరకు రెండు ఋతుపవనముల మబ్బులు ఆకసమును చాలవరకు మూసియుంచును. వేసవి ముదిరినపిదప దుమ్ము. కావున 2026 జనవరిలో సంక్రాంతి సెలవులయందు, అమావాస్యకు ముందటి రాత్రి, చిత్తూరు పలమనేరుల మీదుగా పుంగనూరు చేరి, అచటినుండి తాతగారి చేనికి పోతిమి. ధ్రువుడు తూర్పుపడమరల నెరుగనివానివలె ఉత్తరపు దిక్కున తగ్గుగా నిలిచియుండెను. నిజమైన ధ్రువబిందువు వానికి అర డిగ్రీకి కొంచెము మించిన దూరమున నుండును గనుక, ఆ సవరణ చేసి పీఠమును నిలుపుటకే గంటసేపు పట్టెను. బొమ్మ స్పష్టముగా నిలుచుటకు, రష్యా దేశస్థుడగు పావెల్ బహ్తినోవ్ గారు 2005లో కనిపెట్టిన గీతల ముసుగును అట్టముక్కతో కోసి దర్శిని ముందుంచితిమి. నక్షత్రమునుండి వెలువడు మూడు గీతలలో నడిమిది సరిగా మధ్యకు వచ్చినప్పుడు నాభి కుదిరినట్లు.

ఓరియన్ నడుమునందలి మూడు చుక్కలకు దిగువగా గురిపెట్టి ఒక నిమిషపు చిత్రము తీసితిమి. కెమెరా వెనుకటి పలకపై గులాబిరంగు రెక్కలవలె వెలుగు తేలెను. ఎవరును మాటాడలేదు. గొంగళి కప్పుకొని గట్టున కూర్చున్న తాతగారిని పిలిచి చూపితిమి. చాలసేపు చూచి, “ఈ వెలుగు ఇప్పటిదేనా?” యని యడిగిరి. సుమారు 1,300 ఏండ్లకు మునుపు బయలుదేరినదనియు, రేనాటి చోళులు మన సీమయందు తెలుగున శాసనములు చెక్కించుచున్న కాలమునకు చెందినదనియు చెప్పితిమి. వారు చిత్రమునుండి చూపు మరల్చి ఆకసమును చూచి, పిదప మా చిన్న గొట్టమును చూచిరి. “మా పుంగనూరు ఆవు లాంటిదే. ఎత్తు మూడడుగులే, పాలు చూస్తే చిక్కన” అని నవ్విరి.

ఆ రాత్రి నిమిషమునకొకటి చొప్పున 64 చిత్రములు తీసి, పిదప కంప్యూటరుపై నొక్కటిగా కలిపితిమి. 64 కలిపిన చిత్రమునందలి గరుకుదనము 8వ వంతునకు తగ్గును. నీహారిక నడుమ నుండు కాంతి మితిమీరి తెల్లబారకుండ అయిదు సెకనుల చిత్రములు కొన్ని వేరుగా తీసి చేర్చితిమి. మంచు కటకమును కప్పకుండ మాలో నొకడు దానికి మెత్తని గుడ్డ చుట్టి కావలి కాచెను. వాడెవడందురా? 8 అంగుళములదానికై వాదించిన మిత్రుడే.

మా యెన్నికయందు నష్టము లేదనము. చిన్నచిన్న గెలాక్సీలు మా చిత్రములలో నూగుగింజలంత మాత్రమే కానవచ్చును. కెమెరాలోని వడపోత నీహారికల యెఱ్ఱని వెలుగును చాలవరకు ఆపివేయును. కంటితో చూచి యానందించువారికి డాబ్సోనియనే మేలు. దానిని స్వయముగా చేయుటకు మా మిత్రుడు ఇప్పటికే ఆచారిగారి యొద్దకు పోవుచున్నాడు. కాని తమ్ములారా, నీహారికలను చిత్రింపగోరి కొలది సొమ్ముతో బయలుదేరువారు మొదట చీకటిగల తావును, రెండవది స్థిరమైన పీఠమును, మూడవది మోసికొనిపోగల బరువును చూచి, కడపట దర్శిని వెడల్పును విచారింపవలెనని మా యనుభవము.

ఒక మాట మిగిలినది. ఆ రాత్రి చిత్రములు ముగిసినపిదప, బీరువానుండి తీసి వెంట తెచ్చిన పాత దూరదర్శిని గొట్టమును వెదురుపుల్లల కాళ్లనుండి విప్పి క్రొత్త పీఠముపై బిగించితిమి. బృహస్పతి నడినెత్తికి చేరువగా వెలుగుచుండెను. గొట్టము కదలలేదు. గ్రహపు గుండ్రని బింబమును, దానికిరుప్రక్కల వరుసగా నిలిచిన ఉపగ్రహములును స్పష్టముగా కానవచ్చెను. తాతగారు ఒంటికన్ను మూసి, ఊపిరి బిగబట్టి చూచిరి. ఇన్నియేండ్లు మేము నిందించిన గాజునందు తప్పు లేదు, తప్పంతయు కాళ్లదే. దానిని మా పాఠశాలకిచ్చిన పెద్దలకు మేము ఎన్నడును కృతజ్ఞత తెలుపలేదు. ఈ పత్రికాముఖమున నిప్పుడు తెలుపుకొనుచున్నాము.